వస్తువులోని సాంస్కృతిక అర్థాన్ని చదవడం ఎలా?

ఒక వస్తువు తన సమాజం గురించి ఏమి చెబుతోందో తెలుసుకోదలచినవారు, దాని కథను అడగడానికి ముందే ఆ వస్తువును నిదానంగా పరిశీలించాలి. కళాచరిత్రకారుడు జూల్స్ ప్రౌన్ 1982లో ప్రతిపాదించిన పద్ధతిలో వర్ణన, అనుమితి (చూసినదాని నుంచి తర్కించి తేల్చుకోవడం), ఊహ అనే మూడు దశలు ఈ వరుసలోనే వస్తాయి. చాలామంది మొదటిదాన్ని దాటవేసి నేరుగా మూడోదానికి వెళ్లి, తమకు ముందే తోచిన అర్థాన్ని వస్తువుకు అంటగడతారు.

కొలతలు, బరువు, పదార్థం, అతుకులు రాసుకోండి. అన్నిటికన్నా అరుగుదలను శ్రద్ధగా చూడండి. పిడి ఒకవైపే నునుపుదేలి ఉంటే వాడినవారిది కుడిచేతి వాటమో ఎడమచేతి వాటమో తెలియవచ్చు. పగిలినదాన్ని శ్రమపడి అతికించి ఉంటే, దాన్ని నిలుపుకోవడం ఎవరికో ముఖ్యమైందని అనిపిస్తుంది. అయితే కొత్తది దొరకకపోవడమూ అందుకు కారణం కావచ్చు గనుక అక్కడే తీర్పు చెప్పకూడదు.

తరువాత వస్తువు జీవితచరిత్రను సేకరించాలి. మానవశాస్త్రవేత్త ఇగోర్ కోపిటాఫ్ 1986లో వివరించినట్లు, ఒకే వస్తువు ఒక దశలో అమ్మకపు సరుకుగా, మరో దశలో వెలకట్టరానిదిగా మారగలదు. కాబట్టి దాన్ని ఎవరు చేశారు, ఎవరు వాడారు, ఎప్పుడు బయటికి తీస్తారు, ఎవరి తరువాత ఎవరికి చెందుతుంది అని వాడినవారినే అడగండి. "దీని అర్థమేమిటి?" అంటే తరచుగా అందరూ చెప్పే జవాబే వస్తుంది, "ఇది పోతే ఏం చేస్తారు?" అన్న ప్రశ్న, నా దృష్టిలో, ఎక్కువ ఉపయోగకరం.

ఇద్దరు వేర్వేరు అర్థాలు చెబితే ఒకదాన్ని ఎంచుకోకుండా, చెప్పినవారికి వస్తువుతో ఉన్న సంబంధంతో సహా రెండింటినీ నమోదు చేయండి. మ్యూజియంలోని వస్తువైతే, అది అక్కడికి చేరిన తీరును కూడా ఆ చరిత్రలో చేర్చాలి.