సేఫ్టీలో మొదటి అనుభవం ఎలా సంపాదించాలి?

ఇండస్ట్రియల్ సేఫ్టీ డిప్లొమా చేతికి రాగానే అందరూ పెద్ద కంపెనీలకే అప్లై చేసి, ఎక్స్‌పీరియన్స్ ఉందా అని అడిగితే నీరుగారిపోతారు. ముందు కాంట్రాక్టర్ల దగ్గర అడగండి. హైదరాబాద్‌లో కోకాపేట, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ వైపు టవర్లు కడుతున్న సైట్లకు రెజ్యూమె పట్టుకుని పొద్దున్నే వెళ్ళి, సేఫ్టీ ఇన్‌ఛార్జ్‌ని కలవాలని గేటు దగ్గర చెప్పండి. ఫార్మా, కెమికల్ మీద ఆసక్తి ఉంటే పటాన్‌చెరు, పాశమైలారం, జీడిమెట్ల ఉన్నాయి. జీతం తక్కువే, ఎండ మాత్రం ఫుల్లు.

నేను మొదటిరోజు మామూలు బూట్లతో వెళ్ళి గేటు దగ్గరే ఆగిపోయాను, మీరు మాత్రం సేఫ్టీ షూస్ కొనుక్కునే వెళ్ళండి.

చేరాక ఫైళ్ళ దగ్గర కూర్చోకండి. పొద్దున్నే పని మొదలయ్యే ముందు పనివాళ్ళకు జాగ్రత్తలు చెప్పే టూల్‌బాక్స్ టాక్‌లో నిలబడండి, కుదిరితే మీరే మాట్లాడండి; పనివాళ్ళలో చాలామంది ఒడిశా, బిహార్ నుంచి వచ్చినవాళ్ళు కాబట్టి మన హైదరాబాదీ హిందీ ఇక్కడ బాగా పనికొస్తుంది. హార్నెస్ (ఎత్తులో పనిచేసేవాళ్ళు పడిపోకుండా ఒంటికి కట్టుకునే బెల్టు) చేతిలోకి తీసుకుని కుట్లు ఊడాయా, పట్టీ కోసుకుపోయిందా, హుక్ లాక్ టక్కున పడుతోందా చూడండి. ట్యాంకులోకి మనిషిని దింపేముందు గ్యాస్ మీటర్ చూడటం నేర్చుకోండి: ఆక్సిజన్ 19.5 శాతం కన్నా తక్కువ ఉంటే ఎవరు తొందరపెట్టినా దింపకూడదు.

మార్చి 4 జాతీయ భద్రతా దినోత్సవం, ఆ వారంలో డ్రిల్స్, పోటీలు పెడతారు, పని మీద వేసుకోండి. చూసిన ప్రతి లోపాన్నీ, దాన్ని ఎలా సరిచేయించారో తేదీతో డైరీలో రాసుకోండి, ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ కన్నా అదే ఎక్కువ మాట్లాడుతుంది.

ఉద్యోగానికి ముందే డబ్బు కట్టమనే కన్సల్టెన్సీలకు మాత్రం దండం పెట్టి వచ్చేయండి.