టెర్రస్ మీంచి సెల్లార్ దాకా: అక్టోబరు గాలివానకు ముందు చేయాల్సిన పనులు

గాలివాన వస్తుందని ఫోన్లో హెచ్చరిక రాగానే మా అపార్ట్‌మెంట్లో అందరూ సెల్లార్ వైపు పరుగెడతారు, బండ్లు పైకి తెచ్చుకోవడానికి. నేను ముందు టెర్రస్ మీదికి వెళ్తాను. సెల్లార్లో నీళ్లు నిండడానికి కొంత టైము పడుతుంది, గాలి అంత టైము ఇవ్వదు. పైగా ఊడిపోయేది మన వస్తువే అయినా అది పడేది వేరేవాళ్ల మీద. మాది హైదరాబాద్‌లో నల్లకుంట, ఐదంతస్తుల బిల్డింగు. నేనుండేది పై అంతస్తులో, అపార్ట్‌మెంటు కార్యదర్శి పని కూడా నాదే. గేటు పక్కన తురాయి చెట్టు కింద ఇస్తిరి బండి ఉంటుంది. భార్యాభర్తలిద్దరూ పొద్దున్నుంచి చీకటి పడేదాకా అక్కడే నిలబడి పని చేసుకుంటారు. మీరు కూడా పిట్టగోడ దగ్గర నిలబడి ఒక్కసారి కిందికి చూడండి. ఆ గోడ మీది తులసి కుండీ జారితే ఎవరి తల మీద పడుతుందో తెలిస్తే, కింద రాసిన పనుల్లో ఒక్కటి కూడా వాయిదా వేయబుద్ధి కాదు.

ఎండాకాలం గాలిదుమారం దుమ్ము రేపి, నాలుగు చినుకులు రాల్చి వెళ్లిపోతుంది. అక్టోబరుది అలా కాదు. నైరుతి రుతుపవనాలు వెనక్కి మళ్లే రోజుల్లో బంగాళాఖాతంలో అల్పపీడనం పుట్టి, వాయుగుండమై తీరం దాటుతుంది. సముద్రం మనకు దాదాపు మూడు వందల కిలోమీటర్ల దూరం కాబట్టి గాలి బలం ఇక్కడికి వచ్చేసరికి తగ్గుతుంది గానీ, వచ్చిందంటే గంటల తరబడి వదలదు. 2020 అక్టోబరు 13 పొద్దున కాకినాడ దగ్గర తీరం దాటిన వాయుగుండం ఆ సాయంత్రానికల్లా మన ఊరిని ముంచింది. బేగంపేటలో 24 గంటల్లో 19 సెంటీమీటర్ల వాన పడింది. ఆ రాత్రే బండ్లగూడలో ప్రహరీ గోడ కూలి, పక్కనున్న ఇళ్లలో మనుషులు చనిపోయారు. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను తీరం దాటితే మర్నాడు వరంగల్ మునిగింది. చిత్త చినుకు తన చిత్తమున్న చోట పడుతుందని పెద్దవాళ్లు అన్నది ఈ కార్తె గురించే. మన వీధికి రాదులే అనుకోవడానికి లేదు.

గాలి ఏ వైపు నుంచి కొడుతుందో ముందే అంచనా వేయవచ్చు. వాయుగుండం చుట్టూ గాలి గడియారం ముల్లుకు ఎదురుగా తిరుగుతుంది. అది మనకు తూర్పున, కోస్తా మీద ఉన్నంతసేపు ఇక్కడ ఉత్తరపు గాలి వీస్తుంది. అది మనకు దక్షిణంగా సాగిపోతే గాలి తూర్పు నుంచి కొడుతుంది, ఉత్తరంగా సాగితే పడమర నుంచి కొడుతుంది. కాబట్టి ముందుగా ఉత్తరం వైపు బాల్కనీ, కిటికీల సంగతి చూసుకోండి. మిగతావి వాతావరణ శాఖ మ్యాపు చూసి వరసగా చేసుకోవచ్చు. బేగంపేట వాతావరణ కేంద్రం మూడు గంటలకోసారి ఇచ్చే సూచన ఈ పనికి బాగా ఉపయోగపడుతుంది. పిడుగుల కోసం ‘దామిని’ యాప్ కూడా పెట్టుకోండి. యాప్ దగ్గర్లో పిడుగులు చూపిస్తుంటే టెర్రస్ పని అంతటితో ఆపేయాలి.

ఇంకో లెక్క. గాలి వేగం రెట్టింపైతే అది తోసే బలం నాలుగు రెట్లవుతుంది. మామూలు గాలికి ఏళ్ల తరబడి కదలని వస్తువు గాలివానకు కూడా కదలదని నమ్మకూడదు.

టెర్రస్ మీద నేను మొదట చూసేది వాటర్ ట్యాంకు. సింటెక్స్ ట్యాంకు మూత తేలిగ్గా ఉంటుంది, గాలి కిందికి దూరిందంటే పళ్లెంలా తిరుగుతూ రెండు వీధులు దాటిపోతుంది. మూత మీదుగా ఒక తీగ, దానికి అడ్డంగా ఇంకో తీగ వేసి, ట్యాంకు మెడ కింద జీఐ వైరుతో బిగించండి. సుతిలి తాడు వద్దు, ఎండకూ వానకూ చివికి ఉంటుంది. తర్వాత మోటారు వేసి ట్యాంకు నిండా నింపండి. ఖాళీ ప్లాస్టిక్ ట్యాంకును గాలి దొర్లించగలదు. వెయ్యి లీటర్ల నీళ్లున్న ట్యాంకు టన్ను బరువు, దాన్ని కదపలేదు. కరెంటు పోతే మోటారు తిరగదు కాబట్టి ఆ నీళ్లు ఎలాగూ కావాలి.

ఆ తర్వాత నీళ్లు పోయే జాలీలు. మా టెర్రస్‌కు నాలుగు మూలలా పైపులున్నాయి. తురాయి ఆకులు, పావురాల ఈకలు, ఎప్పుడో ఎగిరిన గాలిపటం ముక్కలు అన్నీ అక్కడికే చేరతాయి. చేత్తో తీసేసి, రెండు బకెట్ల నీళ్లు పోసి చూడండి. గుడగుడమని చప్పుడు చేస్తూ దిగితే బాగున్నట్టు. ఆగి ఆగి దిగితే పైపులో ఏదో అడ్డం పడ్డట్టు. ప్లంబర్‌ను ఆ రోజే పిలవండి, వాన మొదలయ్యాక ఎవరూ రారు.

డీటీహెచ్ గొడుగు నట్లు స్పానరుతో బిగించండి. ఎవరూ వాడని పాత గొడుగులు ఉంటే ఊడదీసి కింద పెట్టించండి. విరిగిన కుర్చీలు, మిగిలిపోయిన టైల్స్, రేకు ముక్కలు, ఏ ఫంక్షన్‌కో కట్టి వదిలేసిన ఫ్లెక్సీ, ఇవన్నీ టెర్రస్ మీద ఎవరివో తెలియకుండా పడుంటాయి. నేను వాట్సాప్ గ్రూపులో సాయంత్రం దాకా గడువు పెట్టి, ఆ తర్వాత మెట్ల గదిలో వేయించి తాళం పెట్టిస్తాను. ఒకరిద్దరు విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి.

బట్టల సంగతి అందరికీ తెలిసిందే అనిపిస్తుంది గానీ, ఎక్కువ ప్రమాదం అక్కడే ఉంది. గాలికి ఎగిరిన చీర కరెంటు తీగల మీద పడితే మనసు ఆగదు. పట్టుచీరైతే చెప్పనే అక్కర్లేదు. మా ఎదురు బిల్డింగులో ఒకావిడ, బాల్కనీలోంచి స్టీలు కర్టెన్ రాడ్డు చాపి చీర అందుకోబోయింది. కిందినుంచి ఇస్తిరి అతను "అమ్మా, వద్దు! చెయ్యి తీయి!" అని అరిచాడు కాబట్టి ఆగింది. తడిసిన గుడ్డలోంచి, తడిసిన కర్రలోంచి కూడా కరెంటు పారుతుంది. తీగ మీద పడ్డది పోయిందనుకోండి. 1912కు ఫోన్ చేస్తే కరెంటు వాళ్లు లైన్ ఆపి తీస్తారు. అసలు ఆ రోజు బట్టలు లోపలే ఆరేసుకోండి, క్లిప్పుల మీద భరోసా పెట్టుకోవద్దు.

బాల్కనీల్లో పావురాల నెట్ మన ఊళ్లో ఇప్పుడు ఇంటింటికీ ఉంది. నెట్‌కు మామూలుగా గాలి పెద్దగా ఆనదు. దానికి వెదురు తడక, ప్లాస్టిక్ షీటు కట్టినప్పుడే అది తెరచాపలా ఉబ్బి, కొక్కేలను గోడలోంచి లాగేస్తుంది. తడకలూ షీట్లూ చుట్టేసి లోపల పెట్టండి. వేలాడే కుండీలు దించి నేల మీద, గోడ మూలకు చేర్చండి. పొడుగు మొక్కలుంటే కుండీని పక్కకు పడుకోబెట్టండి. మొక్కకు ఏమీ కాదు. దీపావళి దగ్గరైతే సీరియల్ బల్బుల ప్లగ్గు తీసేసి దండ చుట్టేయండి. తడి గ్రిల్లుకు చుట్టిన దండలో ఎక్కడైనా తీగ తేలి ఉంటే గ్రిల్లు మొత్తానికీ కరెంటు వస్తుంది.

కిటికీలోంచి మంచం మీదికి నీళ్లు వచ్చాయని ప్రతి వానకూ నాకు ఫోన్లు వస్తాయి. అందరూ గోడ పగిలిందంటారు. స్లైడింగ్ కిటికీ కింద పట్టాలో బయటి వైపు చిన్న రంధ్రాలుంటాయి, ఎప్పుడైనా గమనించారా? పట్టాలోకి చేరిన నీళ్లు వాటిలోంచే బయటికి పోవాలి. దుమ్ము గట్టిపడి అవి మూసుకుపోతే పట్టా నిండి నీళ్లు ఇంట్లోకి పొర్లుతాయి. పాత టూత్‌బ్రష్‌తో పట్టా గీకి, రంధ్రాల్లో పుల్ల పెట్టి తిప్పి, చెంబుడు నీళ్లు పోసి బయటికి కారుతున్నాయో లేదో చూడండి. పావుగంట పని. అయినా గాలి ఎదురుగా కొట్టేటప్పుడు నీళ్లను రంధ్రాల్లోంచి లోపలికే తోస్తుంది కాబట్టి, ఆ వైపు కిటికీలకు లోపల పాత దుప్పటి మడిచి ఆనించండి.

తలుపులు ధనధనా కొట్టుకుని పిల్లల వేళ్లు నలగడం గాలివాన రోజుల్లో మామూలే. తువ్వాలను తలుపు మీది అంచున ఇటూ అటూ వేలాడేలా వేస్తే తలుపు పూర్తిగా పడదు. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఈ పని అన్నిటికంటే ముందు చేయండి.

ఇక సెల్లార్. చాలా అపార్ట్‌మెంట్లలో లాగే మా దగ్గర కూడా వాచ్‌మన్ కుటుంబం ఉండే గది సెల్లార్లోనే ఉంది. 2020లో అంత వాన పడ్డ రాత్రి ఈ ఊళ్లో ఎన్ని సెల్లార్లు నిండాయో చూసినవాళ్లకు దీని గురించి వేరే చెప్పక్కర్లేదు. కార్లు, బైకులు తర్వాత. భారీ వాన పడుతుందని వాతావరణ శాఖ ఇచ్చే ఆరెంజ్ హెచ్చరిక వచ్చిందంటే సాయంత్రమే ఆ కుటుంబాన్ని పైకి రమ్మనాలి. పిల్లల పుస్తకాలు, బియ్యం డబ్బా, ఆధార్ కార్డులున్న సంచి, గ్యాస్ సిలిండరు, అన్నీ పైకి రావాలి. మా వాచ్‌మన్ భార్య మొహమాటపడి, "నీళ్లొస్తే అప్పుడొస్తం లేమ్మా" అంటుంది. అలా అంటే ఒప్పుకోవద్దు. నిద్రలో ఉన్నప్పుడు ర్యాంపు మీంచి దిగే నీళ్లు తలుపును బయటినుంచి నొక్కి పెడితే లోపలివాళ్లు తెరవలేరు. కమ్యూనిటీ హాలు లేకపోతే ఎవరి హాలైనా ఒక్క రాత్రికి సరిపోతుంది. దీని కోసం నేను మీటింగులో గట్టిగానే మాట్లాడాను, మళ్లీ మాట్లాడతాను.

లిఫ్టును రెండో అంతస్తుకు తెచ్చి, తలుపు తెరిచి లోపల ఎవరూ లేరని చూసుకుని మెయిన్ ఆపేయండి. సెల్లార్ నిండితే నీళ్లు లిఫ్టు గుంతలోకి వెళ్తాయి, కిందున్న లిఫ్టు పాడవుతుంది. మీటర్ల ప్యానెల్ దాకా నీళ్లు వస్తే దాన్ని ఆపడానికి ఎవరూ నీళ్లలో దిగవద్దు, 1912కే చెప్పండి. మునిగిన బైకును కిక్ కొట్టి చూడొద్దు. ఇంజన్లోకి పోయిన నీళ్లు నొక్కుడు పడవు కాబట్టి లోపలి కడ్డీ వంగిపోవచ్చు, అప్పుడు ఖర్చు చాలా పెరుగుతుంది. నడిపించుకుని మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లండి.

వీధిలో ఉన్నప్పుడు గాలి లేస్తే చెట్టు కిందికి, హోర్డింగు కిందికి, రేకుల షెడ్డు కిందికి పోవద్దు. మన వీధుల్లో తురాయి, పచ్చ తురాయి చెట్ల వేళ్లను రోడ్డు తవ్వినప్పుడల్లా కోస్తుంటారు, మొదలు చుట్టూ సిమెంటు పోస్తారు. నేల నానిందంటే అవి నిలబడలేవు. పాత ప్రహరీ గోడ పక్కన బండి పార్క్ చేయడం, దాన్ని ఆనుకుని నిలబడడం కూడా అంతే ప్రమాదం. ట్యాంక్‌బండ్ మీద నీళ్ల వైపు నుంచి వచ్చే గాలికి అడ్డే లేదు, టూవీలర్ పక్కకు కొట్టుకుపోతుంది. ఆ దారి మానుకోండి. వెనక కూర్చున్నవాళ్లు గొడుగు తెరవకూడదు, చున్నీ కొంగు గట్టిగా దోపుకోవాలి. ఫ్లైఓవర్ కింద ఆగే బదులు ఏ దుకాణంలోకో, మెట్రో స్టేషన్‌లోకో వెళ్లి నిలబడడం మంచిది.

స్తంభాల నుంచి వేలాడే నల్ల కేబుళ్లు ఇంటర్నెట్‌వే కదా అని చేత్తో పక్కకు తీస్తుంటారు కొందరు. ఆ కేబుల్ పైన ఎక్కడో కరెంటు తీగను తాకుతూ ఉందో లేదో కింద నుంచి కనిపించదు. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు పోయారు. తెగిపడ్డ తీగ ఏదైనా సరే పది మీటర్లు దూరం జరగండి, ఇటూ అటూ వచ్చేవాళ్లను ఆపండి. దగ్గరలో ఉండగా ఒళ్లు జివ్వుమంటే పెద్ద అంగలు వేయకుండా రెండు పాదాలూ ఆనించి మెల్లగా జరుగుతూ బయటపడాలి. మనిషికి ప్రమాదమైతే 112, అంబులెన్సు 108. చెట్టు పడి దారి మూసుకుపోతే జీహెచ్‌ఎంసీ నంబరు 040-21111111.

కరెంటు పోయాక ఫ్రిజ్ తలుపు తెరవకపోతే నాలుగు గంటల దాకా లోపల చల్లగా ఉంటుంది. దోసెల పిండి, పెరుగు అంతవరకు ఫర్వాలేదు. అన్నం, కూర, మాంసం అంతకంటే ఎక్కువసేపు ఉంటే పారేయండి. పరదాల దగ్గర కొవ్వొత్తి పెట్టకండి, చార్జింగ్ బల్బు ఒకటి వంటగదిలో, ఒకటి మెట్ల దగ్గర పెట్టుకుంటే చాలు.

వాన వెలిసిన మర్నాడు అందరూ మర్చిపోయేది సంపు. వీధి నీళ్లు మోరీ నీళ్లతో కలిసి గేటు లోపలికి వచ్చి ఉంటే సంపులోకి కూడా పోయి ఉంటాయి. పైకి తేటగా కనిపించినా నమ్మకండి. మోటారు వేయకముందే మూత తీసి చూడండి. అనుమానం ఉంటే ఆ నీళ్లన్నీ తోడించి, గోడలు రుద్దించి, మళ్లీ నింపాక క్లోరిన్ బిళ్లలు వేయించండి. జలమండలి నంబరు 155313. టెర్రస్ ట్యాంకులో ముందురోజు నింపిన మంచి నీళ్లుంటాయి కాబట్టి, సంపు శుభ్రమయ్యేదాకా వాటితోనే సర్దుకోమని ప్రతి ఫ్లాటుకూ చెప్పండి. తాగే నీళ్లు మాత్రం తెర్లకాగనిచ్చి, ఒక నిమిషం అలాగే మరగనిచ్చి చల్లార్చుకుని తాగాలి.