పాముల పెట్టెకి వేడి పెట్టేముందు ప్రోబ్ ఎక్కడుందో చూసుకోండి

మొన్న వారం ఒడిశా కోరాపుట్ జిల్లా సునాబెడ వైపు ఒకరింట్లో బాల్ పైథాన్ ఒకటి పొట్ట మొత్తం కాలిపోయి చచ్చిపోయింది. ప్లైవుడ్ పెట్టె, లోపల టైల్ కింద హీట్ ప్యాడ్ (కరెంటుతో వేడెక్కే పల్చటి షీటు), థర్మోస్టాట్ (వైరు చివర ప్రోబ్ అనే ముక్కతో వేడి కొలిచి, కరెంటు ఆపుతూ ఇస్తూ ఉండే పరికరం) కూడా ఉంది, డిస్‌ప్లేలో 26 డిగ్రీలు చూపిస్తానే ఉంది, పాము మాత్రం అడుగున వేగిపోయింది. నాకు ఫోటోలు పంపారు, పొట్ట పొలుసులు ఎర్రగా అయిపోయి కొన్నిచోట్ల ఊడిపోతున్నాయి. ధనుర్మాసం వచ్చేసింది, పొట్టంగి, సెమిలిగుడ, సునాబెడ పక్క చలి సంగతి మనకి ఒకరు చెప్పక్కర్లేదు, కిందన రాయగడ, గుణుపూర్‌లో కూడా తెల్లవారుజామున వణుకు పుడుతుంది. అందరూ పెట్టెలకి ఏదో ఒక హీటింగ్ తగిలిస్తున్నారు, తగిలించే ముందు ఇది చదవండి.

నీళ్ళు మార్చండి, శుభ్రంగా ఉంచండి లాంటివి నేను రాయను, అవి తెలియకుండా ఎవరూ పాముని పెంచరు. ఇంకోటి, ఇది బాల్ పైథాన్, కార్న్ స్నేక్ లాంటి విదేశీ పాములు ఉన్నవాళ్ళ కోసం. పొలంలో దొరికిన కొండచిలువనో రెండు తలల పామునో పెట్టెలో పెట్టుకుని వేడి ఎంత పెట్టాలి అని అడగొద్దు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అది నేరం, ఫారెస్టు వాళ్ళకి అప్పగించేయండి. బాల్ పైథాన్ ఉన్నవాళ్ళు కూడా 2024లో వచ్చిన రూల్స్ ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వాళ్ళ పరివేష్ పోర్టల్‌లో రిజిస్టర్ చేసుకోవాలి.

ప్రోబ్

నేను చూసిన కేసుల్లో ఎక్కువ పాముల్ని కాల్చింది థర్మోస్టాట్ లేకపోవడం కాదు, ఉన్న థర్మోస్టాట్ ప్రోబ్ తప్పు చోట ఉండడం. మన దగ్గర చాలామంది వాడేది కోడిగుడ్లు పొదిగించే ఇంక్యుబేటర్లకి పెట్టే ఎస్‌టీసీ-1000, లేకపోతే డబ్ల్యూ1209 అనే చిన్న బోర్డు. రెండూ పనిచేస్తాయి. కానీ వాటికి తెలిసేదల్లా ఆ వైరు చివరున్న చిన్న ముక్క ఎంత వేడెక్కిందన్నదే, ప్యాడ్ ఎంత వేడెక్కిందో, పాము పొట్ట ఎంత కాలుతోందో వాటికేం తెలుసు? ప్రోబ్‌ని గాల్లో వేలాడదీసి 31 సెట్ చేశారనుకోండి, బయట చలి, తలుపు సందుల్లోంచి చల్లగాలి, పెట్టెలో గాలి తెల్లారేదాకా 31కి రాదు, అది ఇంకా రాలేదు ఇంకా రాలేదు అని కరెంటు ఇస్తానే ఉంటుంది, ఈలోపు ప్యాడ్ మీద నేల 45, 50 దాటిపోతుంది. సునాబెడలో అయితే ప్రోబ్ మొదట సరైన చోటే పెట్టారు, కాకపోతే ఊరికే అలా పడేశారు, పాము రాత్రి తిరుగుతూ దాన్ని నీళ్ళ గిన్నె పక్కకి నెట్టేసింది, అంతే.

గుణుపూర్ కుర్రాడు ఒకడు అడిగాడు, "అన్నా, కాలితే అదే పక్కకి జరుగుతుంది కదా" అని. జరగదు తమ్ముడూ. కింద నుంచి వచ్చే వేడికి చర్మం కాలిపోతున్నా పాములు చాలాసార్లు అక్కడే చుట్ట చుట్టుకుని పడుకుంటాయి, పెట్టెలో మిగతా చోటంతా చల్లగా ఉంటే అసలే కదలవు. పాముకి తెలుస్తుందిలే అనుకుని వదిలేసినవాళ్ళే పాముల్ని పోగొట్టుకున్నారు.

మరి ప్రోబ్ ఎక్కడ? హీట్ ప్యాడ్ అయితే ప్రోబ్ ప్యాడ్‌కే అంటుకుని ఉండాలి, పెట్టె బయట, ప్యాడ్‌కీ పెట్టె అడుగుకీ మధ్యలో, అల్యూమినియం టేపుతో గట్టిగా. పాముకి అందకూడదు, నీళ్ళు ఒలికినా తడవకూడదు. మొదట 28 సెట్ చేసి, కొన్ని గంటలు ఆగి లోపలి నేల మీద ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో (ముట్టుకోకుండా వేడి కొలిచేది) కొలిచి, ఒక్కో డిగ్రీ పెంచుకుంటూ రండి. పైన సెరామిక్ హీటర్ (బల్బులా హోల్డర్‌కి బిగించేది, వెలుగు లేకుండా వేడి మాత్రం ఇస్తుంది) అయితే పాము పడుకునే చోట, దాని వీపు ఎత్తులో, క్లిప్పు వేసి స్క్రూతో బిగించండి. పెట్టె లోపల మాత్రం ఏ టేపూ వాడకండి, పాము దానికి అతుక్కుంటే పీకేటప్పుడు చర్మం ఊడొస్తుంది.

బాల్ పైథాన్‌కి వేడి పక్క నేల 31–32, చల్ల పక్క 25–27. కార్న్ స్నేక్‌కి వేడి పక్క 29–30, చల్ల పక్క 23–25 చాలు. నేల మీద ఎక్కడైనా 35 దాటితే ప్లగ్గు పీకేసి మళ్ళీ మొదట్నుంచి చూడండి, ముందు చూడాల్సింది ప్రోబే.

పెట్టె, కరెంటు

ప్లైవుడ్ పెట్టె అడుగున బయట హీట్ ప్యాడ్ పెట్టడం దండగ, ప్రమాదం కూడా. 12 ఎంఎం, 18 ఎంఎం చెక్క వేడిని పైకి పోనివ్వదు, అదంతా ప్యాడ్ దగ్గరే పేరుకుని చెక్క నల్లబడుతుంది. ప్యాడ్ గాజు తొట్టికో ప్లాస్టిక్ డబ్బాకో పెట్టుకోండి, అది కూడా అడుగులో మూడో వంతు మించకుండా. చెక్క పెట్టెకి పైనుంచి వేడి ఇవ్వాలి. సెరామిక్ హీటర్ ఒళ్ళు 200 డిగ్రీలు దాటుతుంది కాబట్టి దానికి పింగాణీ హోల్డరే ఉండాలి. మన ఇళ్ళల్లో ఉండే పిన్ హోల్డర్‌కి ప్లాస్టిక్ కన్వర్టర్ పెట్టి బిగించేస్తున్నారు, అది కరిగి హీటర్ కింద పడితే ముందు పెట్టె, తర్వాత ఇల్లు. చుట్టూ సన్న కంతల ఇనుప మెష్ కట్టండి, హీటర్‌కి తగలనంత దూరంలో. గార్డు లేకపోతే పాము వెళ్ళి హీటర్‌కే చుట్టుకుంటుంది.

థర్మోకోల్ పెట్టెలో బల్బు పెట్టేవాళ్ళకి ఒకటే మాట, తీసేయండి.

వోల్టేజ్ సంగతి ఎవరూ చూడరు. చలికాలం రాత్రి ఫ్యాన్లన్నీ ఆగిపోతాయి, లోడ్ తగ్గి కొన్ని లైన్లలో వోల్టేజ్ ఎక్కిపోతుంది. 230 దగ్గర 40 వాట్లు తినే హీటర్ 260 వస్తే 51 వాట్లు తింటుంది, అంటే మీరు పగలు చూసి సెట్ చేసిన డిమ్మర్ (హీటర్‌కి కరెంటు తగ్గించే నాబ్) రాత్రికి పనికిరాదు. డిమ్మర్‌ని నమ్ముకోకండి, అది వేడిని కొలవదు. థర్మోస్టాట్‌లో రిలే, అంటే లోపలి స్విచ్చి, కూడా ఒక్కోసారి ఆన్‌లోనే అతుక్కుపోతుంది, అప్పుడు ప్రోబ్ ఎక్కడున్నా లాభం లేదు, అందుకే రెండో థర్మోస్టాట్ ఒకటి సిరీస్‌లో (హీటర్ కరెంటు రెండిటిలోంచీ వెళ్ళేలా), దాని ప్రోబ్ దానికి వేరేగా, మూడు నాలుగు డిగ్రీలు ఎక్కువకి సెట్ చేసి పెట్టండి. కొన్ని వందల రూపాయల పని, పాము ఖరీదు ఎంతో మీకే తెలుసు.

ఇక వరసగా చెప్పుకుపోతా.

పాముని పెట్టేముందు ఖాళీ పెట్టెని రెండు రాత్రులు నడపండి, మినిమం మాక్సిమం చూపించే థర్మామీటర్ లోపల పెట్టి. పగలు ఒక గంట చూసి సరిపోయిందనుకోకండి.

రోజూ పడుకునే ముందు ప్రోబ్ చూడండి.

చెదలు మందు కొట్టిన ప్లై వద్దు. పెయింట్ వాసన, సిలికాన్ పులుపు వాసన పూర్తిగా పోయేదాకా పాముని పెట్టొద్దు. దేవదారు పొట్టు వేయొద్దు. పెట్టె దగ్గర కలరా ఉండలు, దోమల కాయిల్ పెట్టొద్దు.

వైర్లు మెలేసి నల్ల టేపు చుట్టే జాయింట్లు వద్దే వద్దు. ఇంట్లో 30 మిల్లీఆంప్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సప్లై ఆపేసే స్విచ్చి) లేకపోతే పెట్టించండి. వైరు పోయే కంత మూసేయండి, పిల్ల పాములకి ఆ సందు చాలు.

వేడి రాళ్ళు (పాముల కోసం అమ్మే, కరెంటుతో వేడెక్కేవి) కొనకండి, ఎవరైనా ఊరికే ఇచ్చినా వాడకండి.

కరెంటు పోతే కంగారు పడకండి. ఆరోగ్యంగా ఉన్న పాము ఒక రాత్రి 20 డిగ్రీల దగ్గర ఉన్నా తట్టుకుంటుంది, 45 డిగ్రీల నేల మీద మాత్రం తట్టుకోలేదు. గాలి కంతలు వదిలి పెట్టె మీద దుప్పటి కప్పండి, వేడినీళ్ళ సీసా గుడ్డలో చుట్టి పెట్టె బయట ఆనించండి. వేడి తిరిగి వచ్చేదాకా మేత పెట్టకండి, అరగదు, కక్కేస్తుంది.

గదిలో బొగ్గుల కుంపటి పెట్టి తలుపులు మూయొద్దు. పాముతో పాటు మీరూ పోతారు.

ఊరెళ్తూ పక్కింటాయనకి తాళం ఇచ్చి "అప్పుడప్పుడు చూడండి" అంటే సరిపోదు, ప్రోబ్ ఎక్కడుండాలో ఫోటో తీసి పంపండి, ఏ నంబరు దాటితే ప్లగ్గు పీకాలో చెప్పండి.

పెట్టె కడిగి మళ్ళీ సర్దాక ప్రోబ్ చూడండి. ప్యాడ్ కదిపితే చూడండి. డిస్‌ప్లే నంబరు మామూలు కన్నా తక్కువ చూపిస్తూ థర్మోస్టాట్ మీద హీటింగ్ లైటు ఆరకుండా వెలుగుతుంటే ఏదీ ఆలోచించకుండా ముందు ప్లగ్గు పీకి, ప్రోబ్ ఎక్కడుందో తర్వాత చూడండి.

పాముకి కాలిందని డౌట్ వస్తే నెయ్యి, పసుపు, టూత్‌పేస్ట్ ఏదీ రాయకండి. ఐసు వద్దు. మామూలు నీళ్ళు పది నిమిషాలకి పైగా మెల్లగా పోయండి, పెట్టెలో పరిచిన పొట్టు తీసేసి తెల్ల పేపర్ టిష్యూ పరిచి దాని మీద ఉంచండి, తాగడానికి నీళ్ళు పెట్టండి. పైకి చిన్న ఎరుపే కనిపించినా కాలిన లోతు కొన్ని రోజులకి గానీ బయటపడదు, అందుకని తగ్గిపోతుందిలే అని కూర్చోకండి. మన వైపు పాములు చూసే డాక్టర్ దొరకడం కష్టం, విశాఖకో భువనేశ్వర్‌కో పట్టుకెళ్ళాలి, బయల్దేరే ముందు ఫోన్ చేసి పాముల్ని చూస్తారా అని అడగండి, పశువుల డాక్టర్లందరూ చూడరు.