క్యాన్సర్ ట్రీట్‌మెంట్ అయిపోయినాక వాట్సాప్ మెసేజ్‌లతో ఫాలోఅప్ ఎట్టా నడుపుకోవాలి

మన నెల్లూరు వైపు నుంచి క్యాన్సర్‌కి చానామంది మద్రాసు అడయారుకో, వేలూరుకో, తిరుపతికో పోతారు. ఆపరేషను, కీమో, కరెంటు (రేడియేషన్) అన్నీ అయిపోయినాక డిశ్చార్జ్ షీటు చేతిలో పెట్టి ఫలానా తారీకుకి రమ్మంటారు, మధ్యలో ఏదన్నా అయితే దీనికి వాట్సాప్ చెయ్యండి అని చీటీ మీద ఒక నంబరు రాసిస్తారు. పినాకిని రైలెక్కి పొయ్యి రావాలంటే పేషెంటుతో పాటు తోడొచ్చే మనిషి పని కూడా పోతది కాబట్టి ఆ నంబరు సరిగ్గా వాడుకుంటే బోలెడు తిరుగుడు తప్పద్ది. మా పెద్దమ్మకి రొమ్ము క్యాన్సర్ వచ్చినప్పట్నించి ఆమె ఫోను వ్యవహారం నేనే చూస్తన్నా, అందుకే రాస్తన్నా.

అన్నిటికంటే ముందు, డిశ్చార్జ్ రోజే అడగాల్సింది ఏందంటే ఆ నంబరు ఎవరు చూస్తారు, ఏ టైములో చూస్తారు, ఆదివారం చూస్తారా, రాత్రిపూట అయితే ఎవరికి ఫోన్ చెయ్యాల. మొహమాటపడొద్దు, ఆ సిస్టర్‌ని నిలబెట్టి అడగండి. న్యూయార్క్‌లో స్లోన్ కెట్టరింగ్ ఆస్పత్రి వాళ్ళు 766 మంది కీమో పేషెంట్లతో చేసిన స్టడీ రిజల్ట్ 2017లో వచ్చింది, ముదిరిన క్యాన్సర్ ఉన్నోళ్ళు వాళ్ళు. ఇబ్బందులు ఎప్పటికప్పుడు కంప్యూటర్లో చెప్పుకున్నోళ్ళు సగటున 31 నెలలు బతికితే మామూలుగా చూపించుకున్నోళ్ళు 26 నెలలు. అక్కడ ఇబ్బంది ఎక్కువైందని తెలియంగానే నర్సుకి మెసేజ్ పొయ్యేది, ఆమె ఫోన్ చేసేది. నన్నడిగితే అసలు కిటుకు అదే, అవతల చూసే మనిషి లేకపోతే మనం ఎంత బాగా టైపు చేసినా దండగ.

ఇంట్లో ఒక్కరే మెసేజ్ పెట్టాల. కొడుకు ఒకటి, అల్లుడు ఒకటి, బెంగుళూరులో ఉండే కూతురు ఇంకొకటి పెడితే ఆస్పత్రోళ్ళకి ముగ్గురు పేషెంట్లు అనిపిస్తది. ఒకే నంబరు నుంచి, ఒకే చాట్‌లో పొయ్యేటట్టు చూసుకోండి, డిసప్పియరింగ్ మెసేజెస్ ఆన్‌లో ఉంటే ఆపెయ్యండి, చాట్‌ని పైన పిన్ చెయ్యండి.

ఇంక మెసేజ్ ఎట్టా రాయాల. మనోళ్ళు మామూలుగా పెట్టేది ఇదీ: "నమస్తే సార్ అమ్మకి బాలేదు సార్ ఏం చెయ్యమంటారు సార్". దీనికి ఎవరు మాత్రం ఏం చెప్తారు? ఎవరి అమ్మ, ఏం బాలేదు, ఎప్పట్నించి, ఇవన్నీ వాళ్ళు ఒక్కొక్కటీ అడిగి మనం చెప్పేసరికి సాయంత్రం అయిపోద్ది. ఒకే మెసేజ్‌లో ఇట్టా పెట్టండి (ఎంఆర్ నంబరు అంటే ఆస్పత్రోళ్ళు పేషెంటుకి ఇచ్చే ఫైలు నంబరు):

"ఎంఆర్ నంబరు ఫలానా. పేరు ఫలానా, 58 ఏళ్ళు. కుడి రొమ్ము ఆపరేషన్ అయింది. ఆఖరి కీమో 12వ తారీకు, ఈరోజు తొమ్మిదో రోజు. నిన్నట్నించి నోట్లో పుళ్ళు. ఇడ్లీ, పెరుగన్నం తింటోంది, కారం తినలేకపోతోంది. జ్వరం 98.8, పొద్దున ఏడింటికి చూశాం. ఉప్పునీళ్ళు పుక్కిలిస్తోంది, వేరే బిళ్ళలేం వెయ్యలేదు. మందు ఏదన్నా వాడాలా, వచ్చి చూపించాలా?"

ఆ ఎంఆర్ నంబరు మొదటి లైన్లోనే ఉండాల, చివర్లో ఒకే ఒక్క ప్రశ్న ఉండాల. మద్రాసుకైతే చిన్న చిన్న ఇంగ్లీషు ముక్కల్లో టైపు చెయ్యండి, తెలుగు వాయిస్ మెసేజ్ పెడితే అవతల ఉండే సిస్టర్‌కి అర్థం కాకపోవచ్చు. పేరు, నంబరు, ఆపరేషను వివరం ఉండే మొదటి మూడు లైన్లు నోట్స్‌లో రాసిపెట్టుకుంటే ప్రతిసారీ కాపీ కొట్టుకోవచ్చు.

ఫోటోల సంగతి. కుట్లు ఎర్రబడినా, చీము కారినా ట్యూబులైటు కింద కాకుండా వరండాలోకి తీసుకొచ్చి పగటి వెలుతురులో ఫోటో తియ్యండి, ఒకటి దగ్గర్నించి ఒకటి దూరం నుంచి. రిపోర్టు అయితే ల్యాబోళ్ళని పీడీఎఫ్ పంపమనండి, మడతలు పడ్డ కాగితాన్ని మంచం మీద పెట్టి ఫోటో తీస్తే అంకెలు కనపడవు. వాట్సాప్‌లో ఫోటో మామూలుగా పంపితే నాణ్యత తగ్గిపోద్ది, డాక్యుమెంటుగా పంపితే తగ్గదు. రొమ్ము ఆపరేషన్ అయినోళ్ళకి చంకలో గడ్డలు తీసేస్తే చెయ్యి వాపు రావొచ్చు, దానికి ఫోటో కంటే కొలతే మేలు. మోచేతికి 10 సెంటీమీటర్లు పైన రెండు చేతులకీ పెన్నుతో చుక్క పెట్టి, టైలరు టేపుతో వారానికొకసారి చుట్టుకొలత చూసి తారీకుతో సహా అదే చాట్‌లో పెడతన్నాం. రెండు చేతులకీ తేడా 2 సెంటీమీటర్లకి వచ్చిందంటే చెప్పాల్సిందే. నోటి క్యాన్సర్‌కి కరెంటు పెట్టించుకున్నోళ్ళయితే నోట్లోకి మూడు వేళ్ళు నిలువుగా పడతన్నాయా, రెండే పడతన్నాయా అని చూసుకుని రాయండి, దవడ బిగుసుకుపోతా ఉంటే అక్కడే తెలిసిపోద్ది.

ఇప్పుడు అసలైంది. కొన్నిటికి మెసేజ్ పెట్టి రిప్లై కోసం కూర్చోకూడదు. కీమో ఎక్కించినాక ఇంచుమించు 7 నుంచి 14 రోజుల మధ్య తెల్లకణాలు బాగా పడిపోతాయి, అప్పుడు జ్వరం 100.4 గానీ అంతకంటే ఎక్కువ గానీ వచ్చిందంటే అర్ధరాత్రి అయినా సరే ఫోన్ చేసి ఆస్పత్రికి బయల్దేరాల్సిందే, మద్రాసు దాకా పోనక్కర్లేదు, దగ్గర్లో పెద్దాస్పత్రి ఏదైతే దానికి పొయ్యి "కీమో నడస్తంది" అని మొదటి మాటే చెప్పండి, డిశ్చార్జ్ షీటు చూపించండి. థర్మామీటర్ పెట్టకుండా పారాసెటమాల్ మాత్రం వెయ్యొద్దు, జ్వరం కనపడకుండా పోద్ది, ఇన్‌ఫెక్షన్ లోపల పెరగతానే ఉంటది. ఆయాసం, ఆగని రక్తం, గుండెలో నొప్పి, గుక్కెడు నీళ్ళు కూడా నిలవని వాంతులు, మాట తడబడటం, నడుం నొప్పితో పాటు కాళ్ళు చచ్చుబడటం లేదా ఒంటేలు ఆగిపోవడం, వీటికి కూడా అంతే, 108కి చేసెయ్యండి. మెసేజ్ దారిలో పెట్టుకోవచ్చు.

ఉదయగిరి, సీతారాంపురం అవతల నెట్ సరిగ్గా అందని ఊళ్ళలో ఉంటే వాట్సాప్‌నే నమ్ముకోకండి, ఫోన్ చేసేది, మామూలు ఎస్సెమ్మెస్ పెట్టేది ఏదో ఒకటి పెట్టుకోండి. ఫీచర్ ఫోన్ వాడే పెద్దోళ్ళకి మిస్డ్ కాల్ పద్ధతి బాగుంటది. రాత్రి బిళ్ళ వేసుకున్నాక ఒక మిస్డ్ కాల్, బాలేకపోతే వెంటవెంటనే రెండు. మా పెద్దమ్మకి స్మార్ట్ ఫోన్ ఇచ్చాం గానీ ఆమెకి చదవటం రాదు, అందుకని "బిళ్ళేసుకున్నావా పెద్దమ్మా" అని వాయిస్ పెడతా, ఆమె బొటనవేలు బొమ్మ పెడద్ది, ఒక్కోసారి పొరపాటున ఏడుపు బొమ్మ పెట్టి అందర్నీ హడలగొడద్ది. రొమ్ము క్యాన్సర్ తిరగబెట్టకుండా వేసుకునే టామాక్సిఫెన్ లాంటి బిళ్ళలు అయిదేళ్ళు, కొందరికి పదేళ్ళు వాడాల, ఒంట్లో బాగానే ఉంది కదా అని మానేసేది ఇక్కడే, కాబట్టి ఈ రోజువారీ పలకరింపు చిన్న విషయం కాదు.

చెకప్ తారీకులు కూడా అదే చాట్‌లో పెట్టి స్టార్ కొట్టుకోండి. రొమ్ము క్యాన్సర్‌కి మొదటి మూడేళ్ళు 3 నుంచి 6 నెలలకొకసారి చూపించుకోవాల, ఏడాదికొకసారి మామోగ్రామ్ (రొమ్ముకి తీసే ఎక్స్‌రే). మెడకి కరెంటు పెట్టినోళ్ళకి 6 నుంచి 12 నెలలకొకసారి థైరాయిడ్ టెస్టు, ఇది చానామంది మర్చిపోతారు. మెసేజ్‌లు బాగా నడస్తన్నాయి కదా అని చెకప్ ఎగ్గొట్టొద్దు, మెడలో గడ్డ ఉందా లేదా అనేది డాక్టరు చేత్తో నొక్కి చూడాల్సిందే. నోటి క్యాన్సర్ తిరగబెడితే ఎక్కువగా మొదటి రెండేళ్ళలోనే తిరగబెడద్ది.

మందుల చీటీ ఫోన్లో పంపడానికి 2020 మార్చిలో వచ్చిన టెలిమెడిసిన్ రూల్స్ ఒప్పుకుంటాయి, డాక్టరు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు దాని మీద ఉండాల. కానీ నొప్పికి వాడే మార్ఫిన్ లాంటివి అట్టా రాయకూడదు, దానికి మనిషి స్వయంగా ఆస్పత్రికి పోవాల్సిందే, కాబట్టి అయిపోవడానికి పది రోజుల ముందే చూసుకోండి.

రిపోర్టులు చుట్టాల గ్రూపులో పెట్టకండి, పేషెంటుకి ఇష్టమో లేదో అడిగేవాళ్ళే ఉండరు, పైగా ఆ వెంటనే బొప్పాయి ఆకు రసం, గోమూత్రం ఫార్వర్డులు మొదలవుతాయి. ఎన్టీఆర్ వైద్యసేవ నుంచి మాట్లాడతన్నాం ఓటీపీ చెప్పండి అని ఎవరన్నా ఫోన్ చేస్తే పెట్టెయ్యండి. డాక్టరు సొంత నంబరు ఇచ్చుంటే దానికి గుడ్ మార్నింగ్ గులాబీ పూలు పంపొద్దు, పండక్కి కూడా, నిజంగా అవసరమైన రోజు మన మెసేజ్ ఆ పూల కింద పడిపోద్ది.

ఫోన్ మార్చేటప్పుడు చాట్ బ్యాకప్ తీసుకోండి, సిమ్ మారితే కొత్త నంబరు ఆస్పత్రి ఓపీలో కూడా రాయించండి, లేకపోతే వాళ్ళు పాత నంబరుకే ఫోన్లు చేస్తా ఉంటారు.