స్టీరింగ్ తిప్పితే శబ్దమా? పార్టు మార్చే ముందు ఇలా చూడండి

చీమకుర్తి గ్రానైట్ క్వారీల దారులు, కొత్తపట్నం వైపు రొయ్యల చెరువుల కట్టలు, ఉదయగిరి కొండల కింద రాళ్ల బాటలు. మా వైపు బొలేరోలు, జీపులు, థార్లు తిరిగేది ఇలాంటి చోట్లే. క్వారీ పొడి చిరిగిన రబ్బరు బూటులోకి (జాయింటును కప్పే తొడుగు) దూరి గ్రీజుతో కలిస్తే సానరాయిలా జాయింటును అరగదీస్తుంది. చెరువుల దగ్గర ఉప్పు నీళ్లు బోల్టులను తుప్పు పట్టిస్తాయి. కాబట్టి స్టీరింగ్ దగ్గర ఏ కొత్త శబ్దం విన్నా పక్కన పెట్టకండి. అలాగని వెంటనే పార్టులూ కొనకండి.

ఈ మాట నేను డబ్బు పోగొట్టుకుని చెబుతున్నాను. పొద్దున్నే బండి తీసి స్టీరింగ్ తిప్పగానే గుంయ్‌మని మూలిగేది. షెడ్డులో చూపిస్తే పవర్ స్టీరింగ్ పంపు పోయిందన్నారు, మార్పించాను. వారం తిరక్కుండానే మళ్లీ అదే మూలుగు. చివరికి నేనే టార్చి వేసి చూస్తే, ఆయిల్ డబ్బా నుంచి పంపుకు వెళ్లే పైపు క్లిప్పు లూజుగా ఉంది. అక్కడ పైపు మీద దుమ్ము తడిసి నల్లగా అట్ట కట్టింది. ఆ సందులోంచి పంపు గాలి పీల్చుకుంటోంది. క్లిప్పు బిగించి, ఆయిల్ నింపి, గాలి తీశాక శబ్దం పోయింది.

ముందు శబ్దం ఎప్పుడొస్తోందో రాసుకోండి

నిలబెట్టిన బండిలో తిప్పినా వస్తోందా, కదిలేటప్పుడేనా? ఒక వైపు తిప్పితేనా, రెండు వైపులా? గతుకుల్లో పడినప్పుడా? పొద్దున్నే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడా? ఈ నాలుగూ తెలిస్తే సగం పని అయినట్టే. షెడ్డుకు వెళ్లినా "స్టీరింగ్ సౌండ్ వస్తోంది" అనకుండా, "ఎడమవైపు తిప్పి కదిలితే టక్ టక్ అంటోంది" అని చెప్పండి. మెకానిక్ నేరుగా అక్కడికే వెళ్తాడు.

రిపేరు అక్కర్లేని శబ్దాలు

మైపాడు బీచి ఇసుకలో ఫోర్ వీల్ వేసి, తారు రోడ్డు ఎక్కాక తీయడం మర్చిపోతే మలుపుల్లో బండి పట్టేసినట్టు అవుతుంది, కింద టంగుమంటుంది. పార్ట్ టైమ్ ఫోర్ వీల్ (అవసరమైనప్పుడే నాలుగు చక్రాలకూ పవర్ ఇచ్చే) బండ్లలో ఇది మామూలే. లీవరు టూ వీల్‌లోకి తెస్తే పోతుంది. అలాగే నడిపితే మాత్రం గేర్లు దెబ్బతింటాయి. స్టీరింగ్ చివరిదాకా తిప్పితే వచ్చే సన్నని బుస కూడా జబ్బు కాదు, పంపులో ప్రెజర్ వాల్వు తెరుచుకునే శబ్దం అది. అయితే అక్కడే నాలుగైదు సెకన్లకు మించి పట్టి ఉంచకండి, ఆయిల్ కాగిపోతుంది. పెద్ద టైర్లు వేయించిన బండ్లలో చివరిదాకా తిప్పినప్పుడు టైరు లోపలి అంచు ఎక్కడైనా రాసుకుంటుందేమో చూడండి. రాసుకున్న చోట మెరుపు గీత కనిపిస్తుంది. బ్రేకు డిస్కు వెనక రేకులో రాయి ఇరుక్కున్నా కీచుమంటుంది.

బానెట్ ఎత్తండి

మూలుగు వస్తుంటే పవర్ స్టీరింగ్ ఆయిల్ చూడండి. మాన్యువల్‌లో రాసిన ఆయిలే పోయాలి. నురగ కనిపిస్తే గాలి చేరినట్టే. గాలి తీయాలంటే ముందరి రెండు చక్రాలూ ఎత్తి స్టాండ్ల మీద నిలపండి. ఇంజిన్ ఆపి ఉంచే స్టీరింగ్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు నెమ్మదిగా పదిహేను, ఇరవై సార్లు తిప్పండి. మధ్యమధ్యలో ఆయిల్ నింపుతూ, బుడగలు ఆగాక స్టార్టు చేసి మళ్లీ చూడండి. తిప్పగానే కీచుమని అరిస్తే అది బెల్టు. పగుళ్లుంటే మార్చండి, లూజైతే బిగించండి. ఎలక్ట్రిక్ స్టీరింగ్ బండ్లకు ఈ ఆయిల్ ఉండదు, నేరుగా కిందికి వెళ్లండి.

కింద చూడటం, అసలు పని ఇదే

టక్కుమనే శబ్దం ఎక్కువగా ఇక్కడే దొరుకుతుంది. దీనికి ఇద్దరు కావాలి. బండి సమానమైన నేల మీద, హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి ఉండాలి. ఇంజిన్ స్టార్టు చేయకుండా తాళం మాత్రం తిప్పండి, స్టీరింగ్ లాక్ విడిపోతుంది. ఒకరు స్టీరింగ్‌ను బెత్తెడు అటూ ఇటూ ఆడిస్తూ ఉండాలి. రెండోవారు ఒక్కో జాయింటు మీద చెయ్యి వేసి చూడాలి.

ఒకసారి నేను సీట్లో కూర్చుని ఆడిస్తుంటే మా తమ్ముడు చక్రం పక్కన కూర్చుని టై రాడ్ ఎండ్ (స్టీరింగ్ కదలికను చక్రానికి అందించే కడ్డీ చివరి జాయింటు) మీద అరచెయ్యి పెట్టాడు. "అన్నా, ఆపమాక, ఇట్నే ఆడించు. చేతి కింద టిక్‌మంటా ఉంది" అన్నాడు. ముందు నుంచి చూస్తే ఏమీ కనిపించలేదు. తడిమి చూస్తే బూటు వెనకవైపు గోరంత చీలిక, అందులోంచి బయటికొచ్చిన గ్రీజు బూడిదరంగు ముద్దలా ఉంది. వేళ్ల మధ్య నలిపితే గరగరలాడింది.

స్టీరింగ్ బాక్సును (స్టీరింగ్ తిప్పితే ఆ కదలికను కడ్డీలకు అందించే గేర్ల పెట్టె) ఛాసిస్‌కు, అంటే బండి ఇనుప చట్రానికి పట్టి ఉంచే బోల్టులు కూడా చూడండి. బాక్సే కదులుతుంటే ఏ జాయింటు మార్చినా లాభం లేదు. అక్కడ పగులు కనిపిస్తే బండి నడపకండి.

తర్వాత ఒక్కో చక్రం ఎత్తండి. జాకీని నమ్మి కిందికి దూరవద్దు, స్టాండు తప్పనిసరి. చక్రాన్ని ఎడమ, కుడి పక్కల పట్టుకుని ఊపితే లూజు తెలిసేది ఎక్కువగా టై రాడ్‌లో. పైనా కిందా పట్టుకుని ఊపితే తెలిసేది బాల్ జాయింటులోనో (చక్రాన్ని సస్పెన్షన్‌కు కలిపే గుండు జాయింటు), వీల్ బేరింగులోనో, పాత జీపుల్లో కింగ్ పిన్‌లోనో (ముందు చక్రం అటూ ఇటూ మళ్లేందుకు ఆధారమైన పిన్ను).

టై రాడ్ ఎండ్ ఇంటి దగ్గర మార్చుకోవచ్చు. విప్పేటప్పుడు ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి, కొత్తది అన్నే చుట్లు ఎక్కించండి. నట్టు బిగించాక స్ప్లిట్ పిన్ (నట్టు వదులవకుండా గుచ్చే పిన్ను) రంధ్రం కలవకపోతే ఇంకాస్త బిగించి కలపాలి, వెనక్కి వదలకూడదు. పిన్ను కొత్తదే వేయండి. ఆ తర్వాత వీల్ అలైన్‌మెంట్ చేయించకపోతే కొత్త టైరు కూడా ఒక పక్క అరిగిపోతుంది. బాల్ జాయింటు, స్టీరింగ్ బాక్సు మాత్రం మంచి మెకానిక్‌కే వదిలేయండి.

కదిలేటప్పుడే వస్తే

ఖాళీ స్థలంలో ఫుల్‌గా తిప్పి నెమ్మదిగా గుండ్రంగా నడపండి. చక్రం వేగంతో పాటు టక్ టక్ పెరిగితే చక్రానికి ఇంజిన్ పవర్ అందించే యాక్సిల్ చివర ఉండే సీవీ జాయింటు అరిగినట్టు. ముందు చక్రాలకు పవర్ వెళ్లే బండ్లకే ఇది ఉంటుంది, మామూలు టూ వీల్ బొలేరోకు ఉండదు. బూటు చిరిగిన కొత్తలోనే మారిస్తే జాయింటు దక్కుతుంది.

శబ్దం స్టీరింగ్ చక్రం దగ్గరే, గీసినట్టు వస్తే క్లాక్ స్ప్రింగ్ (స్టీరింగ్ చక్రం వెనక చుట్టలా ఉండే వైరు పట్టీ) కావచ్చు. ఎయిర్‌బ్యాగు ఉన్న బండైతే అది మీరు విప్పకండి.

గ్రీజు నిపుల్ (గ్రీజు ఎక్కించే చిన్న మూతి) ఉన్న జాయింట్లకు పాత గ్రీజు బయటికొచ్చేదాకా గ్రీజు గన్నుతో కొట్టండి. బీచికి వెళ్లొచ్చిన రోజే కింద మంచినీళ్లతో కడగండి. నీళ్లలోనో బురదలోనో దిగిన తర్వాత బూట్లు ఒకసారి చేత్తో తడిమి చూసుకుంటే చీలిక మొదట్లోనే దొరుకుతుంది.