ఐస్‌బ్రేకర్ వెనక వెళ్ళేటప్పుడు ఇంజిన్ రూమ్‌లో ఏం చూసుకోవాలి

కావలి, ఒంగోలు వైపు నుంచి షిప్పెక్కుతున్న తమ్ముళ్ళు నన్ను తరచూ అడిగేది ఒకటే, చలికాలంలో ఫిన్లాండ్ వైపు వెళ్ళే షిప్ పడితే ఎట్లా అన్నా అని. చలి గురించి టెన్షన్ వద్దు, మంచి జాకెట్టు, గ్లవ్స్ ఉంటే తట్టుకోవచ్చు. జాగ్రత్తగా ఉండాల్సింది కూలింగ్ నీళ్ళ దగ్గర, అంటే ఇంజిన్‌ని చల్లబరచడానికి సముద్రంలోంచి పంపుతో లాగే నీళ్ళ దగ్గర. కృష్ణపట్నం దగ్గర సముద్రం నీళ్ళు 30 డిగ్రీల దాకా ఉన్నా ఇంజిన్ నడుస్తుంది, ఫిన్లాండ్, స్వీడన్ మధ్యనున్న బోత్నియా గల్ఫ్‌లో సున్నా దగ్గరున్న నీళ్ళలో మాత్రం వేడెక్కి ఆగిపోవచ్చు.

ఎందుకంటే, మన కాలవలో డీజిల్ ఇంజిన్ పెట్టి చేలోకి నీళ్ళు తోడేటప్పుడు ఫుట్‌వాల్వ్‌కి గుర్రపుడెక్క చుట్టుకుంటే ఏమవుతుందో చూశారు కదా, చుట్టూ నీళ్ళే, పంపులోకి మాత్రం రావు. ఇక్కడా అంతే. మనకు దారి చేస్తూ ముందు వెళ్ళే ఐస్‌బ్రేకర్ (గడ్డకట్టిన సముద్రాన్ని పగలగొట్టే షిప్) ముక్కు మంచు మీదికి ఎక్కి, తన బరువుతో విరగ్గొట్టుకుంటూ పోతుంది, వెనక మనకు మిగిలేది ముక్కలు, గుజ్జు నిండిన కాలవ. అది దారి ఇస్తుంది కానీ శుభ్రమైన నీళ్ళు ఇవ్వదు.

ఆ ఐస్‌బ్రేకర్లలో చాలావరకు డీజిల్-ఎలక్ట్రిక్. ఫిన్లాండ్ వాళ్ళ ఉర్హో 1975లో వచ్చింది, అయిదు డీజిల్ ఇంజిన్లు కరెంటు తీస్తే మోటార్లు నాలుగు ప్రొపెల్లర్లను తిప్పుతాయి, అందులో రెండు ముందువైపే ఉంటాయి. ప్రొపెల్లర్‌కి మంచు దిమ్మ తగిలి దాదాపు ఆగిపోయినా మోటారు బలం తగ్గదు, డీజిల్‌ని నేరుగా షాఫ్ట్‌కి కలిపితే ఆ దెబ్బకు ఇంజినే ఆగిపోవచ్చు. మన కార్గో షిప్పుల్లో చాలావాటికి ఆ సౌకర్యం లేదు, కాబట్టి మన ఇంజిన్‌ని మనమే కాపాడుకోవాలి.

మంచులోకి వెళ్ళకముందే కింది సక్షన్‌కి (సముద్రం నీళ్ళు లాగే కింది నోటికి) మారండి, మంచు తేలుతుంది కాబట్టి పైదాంట్లోకే ముందు వస్తుంది. తర్వాత రీసర్క్యులేషన్ వాల్వ్ తెరిచి, ఇంజిన్ చల్లబరిచి వేడెక్కిన నీళ్ళను బయటికి వదలకుండా మళ్ళీ సీ చెస్ట్‌లోకి (సముద్రం నీళ్ళు ముందుగా వచ్చి చేరే పెట్టెలాంటి గదిలోకి) పంపాలి, ఆ వేడికి గుజ్జు కరుగుతుంది. ఈ వాల్వ్ ఏళ్ళ తరబడి ఎవరూ ముట్టక బిగుసుకుపోయి ఉంటుంది, పోర్టులో ఉండగానే ఒకసారి తిప్పి చూడండి. మంచులో తిరిగే షిప్పులకు పెట్టిన ఫిన్లాండ్-స్వీడన్ ఐస్ క్లాస్ రూల్స్ ప్రకారం ప్రతి 750 కిలోవాట్ల ఇంజిన్ పవర్‌కి సీ చెస్ట్ సుమారు 1 ఘనమీటరు ఉండాలి, పైన మంచు పేరుకున్నా పైపు నోటికి అడ్డం రాకూడదని. మీ షిప్‌లో ఎంతుందో డ్రాయింగ్ తీసి చూసుకోండి.

టెంపరేచర్ అలారం కోసం కూర్చోకండి, అది మోగేసరికి ఆలస్యమైపోతుంది. సీ వాటర్ పంప్ ప్రెషర్ గేజ్ దగ్గర నిలబడండి. మొదట ముల్లు వణుకుతుంది, తర్వాత పంపులో గులకరాళ్ళు తిరుగుతున్నట్టు చప్పుడు. మొదటిసారి నేను ఆ చప్పుడు బేరింగ్‌దేమో అనుకుని పది నిమిషాలు పోగొట్టాను. స్ట్రెయినర్ (నీళ్ళు వడగట్టే బుట్ట) మూత తీస్తే, మన హార్బర్లో చేపల బాక్సుల మీద చల్లే ఐసు పొడి ఎట్లా ఉంటుందో అట్లా, బుట్ట నిండా గట్టిగా కూరినట్టుంది, చేత్తో తోడుతుంటే వేళ్ళు మొద్దుబారిపోయాయి. స్టాండ్‌బై స్ట్రెయినర్ ఎప్పుడూ కడిగి రెడీగా ఉంచండి.

డెక్ మీది ఫైర్ లైన్‌లో (మంటలార్పే నీళ్ళ పైపులో) నీళ్ళు పూర్తిగా దించేయండి, లేకపోతే గడ్డకట్టి పైపు పగులుతుంది. బాలస్ట్ (షిప్ నిలకడ కోసం ట్యాంకుల్లో నింపే నీళ్ళు) పంపు వేసేముందు ట్యాంకులోకి గాలి వెళ్ళే ఎయిర్ వెంట్ గడ్డకట్టిందేమో ఎవరినైనా పంపి చూడండి, వెంట్ మూసుకుని ఉండగా నీళ్ళు తోడితే లోపల గాలి లేక ట్యాంకే నొక్కుకుపోతుంది. ఈ ఒక్కటి మాత్రం ఎంత పని ఉన్నా వదలొద్దు.

ఐస్‌బ్రేకర్ వెనకవైపు ఒకదాని మీద ఒకటిగా రెండు ఎర్ర లైట్లు తిరుగుతున్నాయంటే అది ఆగిపోయిందని, బ్రిడ్జి వాళ్ళు (పైన షిప్ నడిపేవాళ్ళు) వెంటనే ఫుల్ ఆస్టర్న్, అంటే పూర్తి బలంతో వెనక్కి, అడుగుతారు, కాబట్టి కాన్వాయ్‌లో ఉన్నంతసేపు ఇంజిన్ దగ్గర మనిషి ఉండాల్సిందే. వెనక్కి వెళ్ళేటప్పుడు చుక్కాని మధ్యలో ఉందో లేదో బ్రిడ్జిని అడగడానికి మొహమాటపడొద్దు, పక్కకు తిరిగి ఉంటే మంచు దాన్ని విరిచేస్తుంది.

మంచు దాటి బయటికొచ్చాక నీళ్ళు వేడెక్కేకొద్దీ రీసర్క్యులేషన్ తగ్గించుకుంటూ పోయి పూర్తిగా మూసేయండి. వాచ్ (డ్యూటీ) తర్వాతవాళ్ళకి అప్పగించేటప్పుడు ఆ వాల్వ్ ఎంత తెరిచి ఉందో లాగ్‌బుక్‌లో రాసి, నోటితో కూడా చెప్పండి.