గోల్డెన్‌రాడ్ రకాలు: ముందు ఆకు, కాడ చూడండి

ఉత్తర అమెరికాలో వేసవి చివర బీడు నేలల్లో, రోడ్ల పక్కన పసుపు రంగులో విరబూసే అడవి పూల మొక్కలు గోల్డెన్‌రాడ్‌లు. ఇవన్నీ దూరం నుంచి ఒకేలా కనిపిస్తాయి. పువ్వుల రంగుతో తేల్చాలని చూస్తే అయోమయమే. ఆకు తిప్పి ఈనెలు చూడండి. మధ్య ఈనెకు అటొకటి, ఇటొకటి పొడవైన ఈనెలు స్పష్టంగా ఉంటే అది చాలావరకు కెనడా గోల్డెన్‌రాడ్ గానీ, జెయింట్ గోల్డెన్‌రాడ్ గానీ అయ్యుంటుంది. ఈ రెంటికీ తేడా కాడలో ఉంది. పూగుత్తి కింద కాడను వేళ్లతో నిమిరి చూడండి. నూగు తగిలితే కెనడా, నున్నగా ఉండి తెల్లటి పొడి పూసినట్టుంటే జెయింట్. ఆకు గరుకుగా, ముడతలు పడి, ఈనెలు వలలా అల్లుకుని ఉంటే రింకిల్-లీఫ్ రకం.

అడవి నీడలో పెరిగేవి ఇంకా సులువు. పువ్వులు కొమ్మ చివర కాకుండా ఆకుల మొదళ్ల దగ్గర చిన్న చిన్న గుత్తులుగా పూస్తాయి. ఆకులు సన్నగా ఉంటే బ్లూ-స్టెమ్, వెడల్పుగా ఉండి కాడ వంకరటింకరగా సాగితే జిగ్‌జాగ్. ఆకు నలిపితే సోంపు వాసన వచ్చేది స్వీట్ గోల్డెన్‌రాడ్. పసుపు బదులు తెల్లగా పూసేదీ ఒకటుంది, సిల్వర్‌రాడ్ అంటారు.

ఫోటో తీసేటప్పుడు పూగుత్తి ఒక్కటే కాదు, కాడ మధ్య భాగం, ఆకు అడుగు వైపు, నేల దగ్గరి ఆకులు కూడా తీయండి. ఈ రకాలు ఒకదానితో ఒకటి సంకరం కూడా అవుతాయి కాబట్టి కొన్ని మొక్కలకు పేరు పెట్టకుండా వదిలేయడమే మేలు.